చూచి వచ్చిన తావులు: కొండపల్లి కోటగోడ

గడచిన శ్రావణమున మా పెద్దమ్మాయి జర్మనీ దేశమునుండి ఫోనులో నొక ఛాయాచిత్రమును పంపినది. పచ్చని పొడుగైన గట్టు. దానిపై గొఱ్ఱెలు మేయుచున్నవి. వాని నడుమ మా పిల్ల శాలువ కప్పుకొని నవ్వుచు నిలిచియున్నది. క్రింద "అమ్మా, ఇది కోటగోడ" అని వ్రాత. నేను కంటి అద్దములు సవరించుకొని యెంత చూచినను గోడ కనబడలేదు. మన అవనిగడ్డ దారిలో కృష్ణ కరకట్ట యే రీతిగా నుండునో యదియు నా రీతిగనే యున్నది. "గోడ యేదే తల్లీ? గొఱ్ఱెలే కనబడుచున్నవి" అని బదులు వ్రాసితిని.

ఆదివారమునాడు మాటలాడినప్పుడు ఆమె వివరముగా చెప్పినది. ఆ గట్టు పేరు డానెవిర్కె. డేనుల కట్టడమని యర్థము. డెన్మార్కు రాజ్యమునకు దక్షిణపు హద్దున పూర్వము కట్టిన కాపుగోడ యది. నేడా తావు జర్మనీలో చేరియున్నది. అన్ని భాగములును కలిపి సుమారు 30 కిలోమీటర్ల పొడవు. క్రీ. శ. 500 నాటికి ముందే మట్టికట్టగా మొదలైనదనియు, 737 వ సంవత్సరమున నరికిన మ్రాకులతో దానిని గట్టిపఱచిరనియు, పిదప రాతిగోడను, 12 వ శతాబ్దమున ఇటుకగోడను చేర్చిరనియు త్రవ్వకములవలన తేలినది. వైకింగులనగా పడవలపై వచ్చి పరుల తీరములను దోచుకొనిపోయిన వారని మనము చదువుకొంటిమి గదా. ఇతరుల యిండ్లలో చొఱబడువారును తమ యింటికి గోడ కట్టుకొనిరన్న మాట!

నాకు మిక్కిలి నచ్చిన సంగతి వేఱొకటి. ఆ దేశపు పాతకథలలో ఈ గోడ కట్టించినది థైరా యను రాణి. ఆమె పదియవ శతాబ్దపు గోర్ము రాజు భార్య. గోడ ఆమెకంటె నాలుగైదు వందల యేండ్లు పెద్దదని త్రవ్వినవారు చెప్పినను కథ మాత్రము ఆమె పేరును విడిచిపెట్టలేదు. 2010 లో ఒక పాత కాఫీ హోటలు ఉండిన చోట త్రవ్వగా ఆ గోడ ద్వారము, 6 మీటర్ల వెడల్పుగల త్రోవ, బయటపడినదట. 2018 లో యునెస్కో సంస్థ వారు ఆ తావును ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి.

"ఇంతటి గోడ వారిని కాపాడెనా?" అని యడిగితిని. ఎంతో కాలము కాపాడినది కాబోలు. కాని 1864 ఫిబ్రవరిలో ఒక్క రాత్రిలో పనికిరాకపోయినదట. గోడ కొనలకు సముద్రపు పాయయు బురదనేలలును కావలి. ఆ యేటి చలికి నీరు గడ్డకట్టి, మనుష్యులు నడువదగిన నేల యైనది. ప్రష్యా, ఆస్ట్రియా సైన్యములు చుట్టి రాగలవని యెఱిగి డేనులు అచ్చట పోరాడకయే రాత్రికి రాత్రి గోడను విడిచిపోయిరి. గోడకేమియు కాలేదు. గోడ ప్రక్కనున్న నీరు మాఱినది.

అంతట మా పిల్ల, "అమ్మా, మన యూరి ప్రక్కనే కొండపల్లి కోట యున్నదే, నీవెప్పుడైన చూచితివా?" అని యడిగినది. నేను మాట మార్చి వంట సంగతి యడిగితిని. నిజము చెప్పుచున్నాను, సోదరీమణులారా, నేను బెజవాడకు కాపురమునకు వచ్చి ముప్పది యేండ్లు దాటినది. కాజీపేట పోవు రైలులోనుండి ఆ కొండను ఎన్నిమార్లు చూచితినో లెక్కలేదు. సంక్రాంతి కొలువునకు ఏటేట కొండపల్లి బొమ్మ యొకటి కొనక మానలేదు. కొండ మాత్రము ఎక్కలేదు.

కార్తికమాసము వచ్చినది. వనభోజనములకు ఎక్కడికి పోదమన్న మాట వచ్చినప్పుడు కొండపల్లి యంటిని. మా పెద్దవదినగారు మొగము చిట్లించి, "ఆ కొండమీద ఏమున్నదమ్మాయీ, రాళ్ళు తప్ప?" అనిరి. ఆమె కాపురము సింగునగరులో. 2024 సెప్టెంబరు వరద తరువాత ఆమెకు ఇల్లు విడిచి వెళ్ళుట యిష్టముండదు. వెళ్ళినను వేళకు తిరిగి రావలెను. అయినను మనుమడు పట్టుపట్టెను. పదియేండ్ల పిల్లవాడు, కోట యన్న ఫిరంగు లుండునని వాని యాశ. పులిహోర, దద్ధ్యోదనము కట్టుకొని నలుగురము బయలుదేఱితిమి.

బెజవాడనుండి హైదరాబాదు దారిలో గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నము దాటి కుడివైపునకు మఱలిన కొండపల్లి వచ్చును. ఇరువది కిలోమీటర్ల దూరముకంటె మిక్కిలి యెక్కువ లేదు. ఊరినుండి కొండపైకి మోటారుబండి పోవు మలుపుల దారి యున్నది. ఎక్కుచున్న కొలది ఊరి యిండ్లు అగ్గిపెట్టెలై, ఇబ్రహీంపట్నపు థర్మలు విద్యుత్కేంద్రము గొట్టములు మాత్రము తగ్గక మనతోపాటు నిలిచియుండును.

కోట యనగా నేను ఒక గోడ, ఒక గుమ్మము అనుకొంటిని. అట్లు కాదు. ఒకదాని వెనుక నొకటిగా మూడు ద్వారములు. మొదటిది దర్గా దర్వాజా. దాని చట్రము నల్లరాతి పలకలతో అమర్చినది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల యెత్తు. ఇచ్చటి యుద్ధమున మడిసిన గులాబ్ షా అను నతని దర్గా ప్రక్కనుండుటచే ఆ పేరు వచ్చినది. కొండ ఆవలి కొనను గోల్కొండ దర్వాజా యున్నది. అది జగ్గయ్యపేట వైపు పోవు త్రోవ. ఈ నడుమ గోడ కొండ వీపు పట్టుకొని యెక్కుచు దిగుచు పోవును. అక్కడక్కడ బురుజులు. కొన్నిచోట్ల గోడ నిలువునను చక్కగా నున్నది. కొన్నిచోట్ల మఱ్ఱి, రావి వేళ్ళు రాళ్ళసందున దూఱి, గోడను చెట్టు మోయుచున్నదో చెట్టును గోడ మోయుచున్నదో తెలియని స్థితి. ఒక చోట రాతిపై చేయి వేసి చూచితిని. ఉదయము తొమ్మిది గంటలకే వెచ్చగా నున్నది. వేసవిలో ఇచ్చట కావలి కాచినవాని గతి యేమో!

కోటను పదునాల్గవ శతాబ్దమున కొండవీటి రెడ్డిరాజ్యమునకు మూలపురుషుడైన ప్రోలయ వేమారెడ్డి కట్టించెనని చెప్పుదురు. ఎఱ్ఱాప్రగడకవి నాదరించిన రాజు ఆయనయే. పిమ్మట ఓడ్ర గజపతులు, బహమనీ సుల్తానులు, విజయనగర రాయలు, గోల్కొండ కుతుబ్ షాహీలు, మొగలులు, నిజాము, ఆంగ్లేయులు. పిల్లవానికి ఈ పేర్లు చెప్పుచు నేను నాలుగు మెట్లెక్కితిని, వాడు, "ఇంతమంది లోపలికి వచ్చినప్పుడు గోడ యెందుకు కట్టినట్లు?" అని యడిగెను. పెద్దవారమెవ్వరము బదులు చెప్పలేకపోతిమి.

శ్రీకృష్ణదేవరాయలు కొండపల్లిని గెలిచిన కథ యందఱును ఎఱిగినదే. కళింగ దండయాత్రలో 1515 లో కొండవీటిని పట్టి, దాని వెంటనే కృష్ణ దాటి దీనిని ముట్టడించెను. చేజిక్కిన దళపతుల పేర్లు రాయల శాసనములలో నున్నవి: ప్రహరరాజు శిరశ్చంద్ర మహాపాత్రుడు, బిజిలీ ఖాను మొదలగువారు. నూనిజు అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు కొన్ని సంవత్సరములకు పిదప విజయనగరమున నివసించి, తాను వినిన కథలు వ్రాసిపెట్టెను. కొండపల్లిలో గజపతి భార్య యొకతెయు, కుమారుడొకడును, ఏడుగురు ముఖ్య దళపతులును పట్టువడి విజయనగరమునకు పంపబడిరని యతడు వ్రాసినాడు. ఆ భార్య పేరు మాత్రము వ్రాయలేదు.

ఈ సంగతి నేను ఇంట చదివి వచ్చితిని. కోటలో నిలుచుండి తలచుకొనగా వేఱుగా తోచినది. కటకమునుండి ఇంత దూరము ఆమె యేల వచ్చినది? ముట్టడి జరిగిన దినములలో ఆమె ఏ గదిలో నుండినది? పిల్లవానికి ఏమి చెప్పి నిదురపుచ్చినది? ఈ త్రోవనే దింపి, ఈ గుమ్మమునుండియే తీసికొని పోయియుండవలెను. డేనుల రాణి కట్టని గోడకు ఆమె పేరు నిలిచినది. ఈ గోడలో చిక్కుకొన్న మన రాణికి ఉన్న పేరు పోయినది. బిజిలీ ఖాను పేరైనను రాతిలో మిగిలినది గదా!

రెండు శిఖరముల నడుమ కొండ మెడమీద తానీషా మహలు అను భవన మున్నది. క్రింద పెక్కు గదులు, మీద పెద్ద సభామంటపము. కట్టడపు రీతినిబట్టి చెప్పగల పండితురాలను కాను. గాలి మాత్రము మిక్కిలి హాయిగా వీచుచుండెను. తానీషా యనగా మన భద్రాద్రి రామదాసు కథలోని గోల్కొండ ప్రభువు అబుల్ హసను. ఆయన గోల్కొండ ఔరంగజేబు సైన్యములకు ఎనిమిది నెలలు లొంగలేదు. 1687 లో లంచము తిన్న యొక సరదారు రాత్రివేళ లోపలనుండి తలుపు తీయగా కోట పడిపోయినది. అంతటి గోడలను ఫిరంగులు చేయలేని పనిని ఒక గడియ చేసినది. ఈ కథ చెప్పినప్పుడు మా వదినగారు, "రాత్రి పడుకొనబోవు ముందు గడియ నేనే చూచుకొందును, ఒకరికి చెప్పను" అని మాత్రము అనిరి.

మహలునకు సమీపమున లోతైన జలాశయ మొకటి యున్నది. కొండ యూటలే దానికి ఆధారము. నీరు మిక్కిలి చల్లనిదనియు, త్రాగిన జ్వరము వచ్చుననియు పూర్వమునుండి యొక మాట గలదు. (కాచి త్రాగిన రాదని నా నమ్మకము, దండులోనివారికి ఆ మాట చెప్పువారు లేకపోయిరి కాబోలు.) అంతవఱకు కాళ్ళు నొచ్చుచున్నవని కూర్చుండి లేచుచు వచ్చిన వదినగారు అచ్చట గట్టునకు పోయి వంగి చూచుచు నిలిచిపోయిరి. నేను భయపడి చెంగు పట్టుకొంటిని. ఆమె తిరిగి చూడకయే, "ఇందులో నీళ్ళు ఎంతమందికి ఎన్నాళ్ళు వచ్చునమ్మాయీ?" అని యడిగిరి.

ఆమె యెందుకడిగిరో నాకు తెలియును. మీకును చెప్పవలసియున్నది.

2024 సెప్టెంబరు 1 ఆదివారము. ముందునాడంతయు కుంభవృష్టి. మైలవరపు కొండలలో పుట్టి మన నగరపు ప్రక్కగా కొల్లేటికి పోవు బుడమేరు పొంగినది. ఆ నీటిని కొంత కృష్ణలోనికి త్రిప్పుటకు త్రవ్విన మళ్ళింపు కాలువ గట్టునకు మూడుచోట్ల గండ్లు పడినవి. సింగునగరు చుట్టుపట్ల పేటలన్నియు మునిగినవి. తెల్లవాఱుజామున వాకిట పాదములు తడియునంత నీరు చూచి వదినగారు చీపురు తీసికొని తోయబోయిరట. వంటయిల్లు సర్దుకొను లోపల నడుము లోతైనది. మా అన్నగారు మొదట టీవీ పెట్టెను మేడమీదికి మోసిరి. వదినగారు బియ్యపు డబ్బాను, రెండు బిందెల మంచినీటిని, పసిపిల్ల గల యెదురింటివారిని మేడమీదికి చేర్చిరి. మొత్తము పదునొకండుగురు. కరెంటు లేదు, కుళాయి లేదు. చుట్టును కంఠము లోతు నీరు. త్రాగుటకు రెండు బిందెలు.

ఆమె ఒక స్టీలు గ్లాసు తీసి, పెద్దలకు పూటకు ఒక గ్లాసు, పసిపిల్ల తల్లికి రెండు అని కొలత పెట్టిరి. బియ్యము కడుగ లేదు. చేటలో చెఱిగి, ఆ పొడి బియ్యమునే గంజి వంపకుండ వండిరి. పాత్రలకు నీరు వాడరాదని అందఱకును ఒక పళ్ళెములోనే కలిపి ముద్దలు పెట్టిరట. రెండవనాడు ఆకాశమునుండి పొట్లములు జారవిడిచిరి. వారి మేడపై ఒకటి పడినది, రెండు నీటిలో పడినవి. అన్నగారు దూకబోగా ఆమె పట్టుకొని ఆపిరి. అయిదవనాడు పడవ వచ్చునప్పటికి రెండవ బిందెలో నాలుగు వ్రేళ్ళ నీరు మిగిలియుండెను. "నాలుగు వ్రేళ్ళు" అని ఆమె ఇప్పటికిని చేయి పెట్టి చూపుదురు. సామానులు పోయిన సంగతి ఎన్నడును చెప్పరు.

ఆ చేతితోనే ఇప్పుడు కొండపల్లి జలాశయపు లోతు కొలుచుచున్నట్లు నాకు తోచినది.

అచ్చటనే గట్టుమీద కూర్చుండి లెక్క వేసితిమి. నేను సంచిలోని చీటీ వెనుక వ్రాసితిని, ఆమె చెప్పుచుండిరి. కోటలో అయిదువందలమంది యనుకొందము. త్రాగుటకు వండుటకు మాత్రమే మనిషికి దినమునకు నాలుగు లీటర్లన్నను, దినమునకు రెండువేల లీటర్లు. మూడు నెలలకు లక్షయెనుబదివేల లీటర్లు. స్నానము లేదు, గుఱ్ఱములకు లేదు, ఏనుగులకు అసలే లేదు. మనిషికి అరకిలో బియ్యమన్నను దినమునకు రెండున్నర క్వింటాళ్ళు. మూడు నెలలకు 225 క్వింటాళ్ళు. అనగా 75 కిలోల బస్తాలు మూడువందలు. ఉప్పు, చింతపండు, కట్టెలు వేఱు.

జలాశయము దాటినచో ధాన్యపుకొట్టు శిథిలమై యున్నది. లోపల చీకటి, గబ్బిలముల వాసన. పిల్లవాడు ముక్కు మూసికొని బయటనే నిలిచెను. వదినగారు గుమ్మమున నిలిచి తలయెత్తి చూచి, "ఇందులో పోసినది బియ్యము కాదు, వడ్లై యుండును. బియ్యము పురుగు పట్టును" అనిరి. నిజమే గదా! అప్పుడు లెక్క మాఱినది. రెండున్నర క్వింటాళ్ళ బియ్యము రావలెనన్న దినమునకు సుమారు అయిదు బస్తాల వడ్లు దంచవలెను. మరలు లేని కాలము. రోళ్ళు, రోకళ్ళు, చేటలు. దంచువారెవ్వరు? చెఱుగువారెవ్వరు? ఈ కొట్టు ప్రక్కన తెల్లవాఱకముందే రోకటి పోటు వినబడుచుండియుండవలెను. గోడపై కత్తి పట్టినవాడు ఆ చప్పుడు వినియే ధైర్యముగా నిలిచియుండును. అది ఆగిన దినమున కోట నిలువదు. మేము చదివిన ఏ చరిత్రలోను ఆ రోకళ్ళ మాట లేదు. మా అమ్మమ్మగారు కంకిపాడులో వడ్లు దంచుచు పాడిన పాటలు కొన్ని నాకు జ్ఞాపకమున్నవి. బస్తా దంచునప్పటికి ఆమె అరచేతులు ఎట్లుండెడివో అదియు జ్ఞాపకమున్నది.

ఆంగ్లేయుల కట్టడములను త్వరగా చూచి వచ్చితిమి. 1766 లో జనరలు కాయిలాడు సైన్యము కోటను పట్టుకొన్నది. మఱుసటి యేడు ఇచ్చట సైనిక శిక్షణశాలను పెట్టిరి. ఖర్చు దండుగయని 1859 లో దండును తీసివేసిరి. బారకులు, ఒక శ్మశానము మిగిలినవి. ఎవ్వరును ముట్టడించకయే కోట ముగిసినది. పద్దుపుస్తకము చూచి మూసివేసిరన్న మాట.

అన్నట్లు ఒక కోపము చెప్పుకొననిండు. కోట రాష్ట్ర పురావస్తుశాఖ వారి సంరక్షణలో నున్నది. కొంత మరమ్మతు జరిగినది. కాని మన పిల్లలు చేసిన పని చూడుడు: నిలిచియున్న ప్రతి గోడమీదను పేర్లు. మేకుతో గీచినవి, సుద్దతో వ్రాసినవి, బాణము గ్రుచ్చిన హృదయములు. నాలుగువందల యేండ్ల సున్నపు పూత పెచ్చులై రాలుచున్నది. పేరులేని రాణి యుండిపోయిన చోట ఇన్ని పేర్లు! మా మనుమడు కూడ జేబులోనుండి పెన్ను తీయబోయెను. వాని మామ్మ చూచిన చూపునకు మరల జేబులో పెట్టుకొనెను. ఇంట గోడమీద పిచ్చిగీతలు గీచిన చేతులను మందలించువారము, ఇచ్చట ఏల యూరకుందుము?

భోజనములయిన పిదప బురుజుమీదికి పోయితిమి. పడమటి గాలి. పల్లమున థర్మలు గొట్టముల పొగ, ఆవల కృష్ణ వెండితీగ వలె సన్నగా. వదినగారు, "బుడమేరు ఎటు?" అని యడిగిరి. మైలవరము వైపు చేయి చూపితిని. మళ్ళింపు కాలువ ఈ కొండల ప్రక్కనుండియే వచ్చి ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియును. ఆమె చాలసేపు ఆ వంకనే చూచిరి. "గండి పడకముందు ఆ గట్టున ఎవరైన నడిచి చూచుచుందురా?" అనిరి. గండ్లు పూడ్చుటకు సైన్యమువారును రావలసి వచ్చినదని చెప్పితిని. "అది పడిన తరువాత. పడకముందు?" అని ఆమె మరల అడిగిరి. మన డెల్టాలో పుట్టినవారికి గట్టు నడిచి చూచుట కొత్త మాట కాదు. వానకాలమున ఎలుక కన్నము, పీత బొరియ కనబడిన గ్రామమంతయు పలుగు పార పట్టుకొని పోవుట మా చిన్నతనమున చూచినదే. పొలము గట్టునకైనను, కోటగోడకైనను ఆ నడచి చూచు మనిషి కావలెను. ఆ ప్రశ్నకు నాయొద్ద బదులు లేదు. మీలో కాలువగట్టుల ప్రక్క కాపురమున్నవారు మీ మీ యూళ్ళలో ఎవ్వరు చూచుచున్నారో కనుగొని పత్రికకు వ్రాయుడు.

దిగివచ్చి బొమ్మలకాలనీకి పోయితిమి. ఈ కొండలలో పెరుగు తెల్లపొణికి కఱ్ఱతోనే ఆ బొమ్మలు చేయుదురు. తేలిక కఱ్ఱ, అవయవములు వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులు వేయుదురు. పిల్లవాడు అంబారీ యేనుగును పట్టుకొనెను. నేను దశావతారములు చూచుచుంటిని. వదినగారు బల్లచివర నున్న చిన్నబొమ్మలను తీసి చూచుచు, వడ్లు దంచు ఆడుదానిని, తిరుగలి త్రిప్పు ఆడుదానిని, బిందె చంకనెత్తిన ఆడుదానిని వరుసగా నిలిపి, "వీరందఱును ఇక్కడ నున్నారు" అనిరి. మూడును కొనిరి. బేరమాడలేదు, ఆమె బేరమాడకుండుట నేను చూచుట అదియే మొదలు.

ఆ రాత్రి మా పిల్లకు బురుజుమీది ఛాయాచిత్రమును పంపితిని. "గోడ బాగుగా కనబడుచున్నదమ్మా" అని బదులు వచ్చినది.

చూడగోరు సోదరీమణులకు నాలుగు మాటలు. కార్తికము మొదలు మాఘమువఱకు పోవుట మేలు. ఎండకాలమున రాళ్ళు నిప్పులగును. ఉదయమే బయలుదేఱినచో మధ్యాహ్నమునకు చూచి దిగవచ్చును. చెప్పులు గట్టివి వేసికొనుడు. శిథిలములలో పిల్లల చేయి విడువవలదు, జలాశయపు గట్టున అసలే విడువవలదు. కోతు లున్నవి, ఫలహారపు సంచి చేతికి చుట్టుకొనుడు. త్రాగునీరు మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండ ఇంటినుండి తీసికొని పొండు. మేము మూడు తెచ్చుకొంటిమి, వదినగారి కొలత ప్రకారము. దిగునప్పటికి నాలుగు వ్రేళ్ళు మిగిలినది.